సేల్స్ ఉద్యోగానికి ఏ ఇంగ్లీషు మాటలు నేర్చుకోవాలి? ఒక పాత సేల్స్‌మన్ జవాబు

నీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, చదివే మిగతావాళ్లకూ తెలుస్తుంది. నర్సంపేట దగ్గర పల్లె, తెలుగు మీడియంలో బీకాం. సబ్బులు, బిస్కెట్లు, టూత్‌పేస్టులు అమ్మే ఒక కంపెనీలో సేల్స్ ఉద్యోగానికి వచ్చే వారం హనుమకొండలో ఇంటర్వ్యూ. పంపిణీ, అమ్మకం, ప్రకటనలకు సంబంధించి ఐదు వందల ఇంగ్లీషు పదాల జాబితా దొరికితే బట్టీ పడుతున్నావు, పొద్దున చదివింది సాయంత్రానికి గుర్తుండడం లేదు. ఏం చేయమంటారన్నా అని అడిగావు. అన్నా అన్నావు కాబట్టి నేనూ నువ్వు అనే అంటాను.

ఆ జాబితా పక్కన పెట్టు. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు రాసుకుని వల్లె వేసిన మాట ఇంటర్వ్యూ గది గుమ్మం దాకా వస్తుంది, లోపలికి రాదు. మన వృత్తిలో ప్రతి మాట వెనకా ఒక లెక్క ఉంటుంది. సరుకు ప్రస్తుతం ఎవరిది, డబ్బు ఎవరు ఎవరికి బాకీ, పాడైపోతే నష్టం ఎవరి నెత్తిన. ఆ లెక్క పట్టుకున్నవాడికి ఇంగ్లీషు మాట మరిచిపోదామన్నా మరపు రాదు. నేను ఈ సంగతి సిగ్గుపడి నేర్చుకున్నాను.

1996లో వరంగల్‌లో ఒక పంపిణీదారు దగ్గర చేరాను. చేరిన రెండో నెలలో హైదరాబాదు నుంచి ఏరియా మేనేజరు వచ్చాడు. దుకాణంలో కూర్చుని టీ తాగుతూ, ఇక్కడ రిటర్న్ ఎంత వస్తోంది అని ఇంగ్లీషులో అడిగాడు. రిటర్న్ అంటే వాపసు అని నాకు బాగా తెలుసు. లోపలికి పరుగెత్తి వాపసు సరుకు రిజిస్టరు తెచ్చి, గడువు తీరిన బిస్కెట్ ప్యాకెట్లు పద్నాలుగు, ఎలుకలు కొరికినవి మూడు అని చదివాను. మేనేజరు నా వైపు, రిజిస్టరు వైపు, మళ్లీ నా వైపు చూశాడు. మా యజమాని ఐదో తరగతి దాటని మనిషి, ఇంగ్లీషు ముక్క రాదు. ఆయన మాత్రం లెక్కల పుస్తకం వైపు కూడా చూడకుండా, “నూటికి రూపాయిన్నర పడుతోంది సార్, అదే డబ్బు బయట వడ్డీకి తిప్పితే రెండు రూపాయలు వస్తుంది” అన్నాడు. అడిగింది అదే. పెట్టుబడి మీద రాబడి, రిటర్న్ ఆన్ ఇన్వెస్ట్‌మెంట్, ఇప్పుడు అందరూ ఆర్‌ఓఐ అంటున్నది.

ఆ లెక్క ఎలా వేస్తారో చూడు. గోదాములో స్టాకు 6 లక్షలు, దుకాణాల్లో ఉద్దెర 3 లక్షలు, క్లెయిములు, అంటే పాడైన సరుకుకూ స్కీములకూ కంపెనీ నుంచి రావలసిన డబ్బు, 1 లక్ష. మొత్తం 10 లక్షలు ఇరుక్కున్నాయి. బండి, డీజిలు, జీతాలు, అద్దె పోను నెలకు 15 వేలు మిగిలితే నెలకు ఒకటిన్నర శాతం, ఏడాదికి 18 శాతం. క్లెయిము డబ్బు ఆలస్యమైతే లాభం తగ్గకపోయినా రాబడి శాతం పడిపోతుంది, ఎందుకంటే కింద భాగించే అంకె పెరిగింది. నీ ఇంటర్వ్యూలో ఆర్‌ఓఐ అంటే ఏమిటని అడిగితే ఆ పొడుగు పేరు విప్పి చెప్పి ఆగిపోవద్దు. ఈ ఉదాహరణ చెప్పు. తడబడుతూ చెప్పినా సరే.

సరుకు నడిచే దారినే పట్టుకుని పోదాం, మాటలు వరుసగా అవే ఎదురవుతాయి. ఫ్యాక్టరీ నుంచి సరుకు కంపెనీ డిపోకు గానీ సీ అండ్ ఎఫ్ (క్యారీయింగ్ అండ్ ఫార్వర్డింగ్) ఏజెంటు దగ్గరికి గానీ వస్తుంది. ఈ ఏజెంటు సరుకు దించుకుని, దాచి, పంపుతాడు. సరుకు మాత్రం అతనిది కాదు, కంపెనీదే, అతనికి దక్కేది కమీషను. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో అడ్తిదారు రైతు మిర్చిని అమ్మిపెట్టి కమీషను తీసుకున్నట్టే, మిర్చి ఒక్క క్షణం కూడా అడ్తిదారు సొత్తు కాదు. డిస్ట్రిబ్యూటరు అలా కాదు, సొంత డబ్బు పెట్టి కొంటాడు. బిల్లు పడ్డ క్షణం నుంచి సరుకు అతనిది. ఏజెంటుకూ డిస్ట్రిబ్యూటరుకూ తేడా అడిగితే ఈ ఒక్క ముక్క చెబితే చాలు.

మనవాళ్లు ఈ రెండింటినీ కలిపి “ఏజెన్సీ” అనేస్తారు, జాగ్రత్త. ఫలానా సబ్బుల ఏజెన్సీ తీసుకున్నాడు అంటే నిజానికి అతను డిస్ట్రిబ్యూటరు. ప్రకటనలు తయారు చేసేవాళ్లదీ ఏజెన్సీయే. ఇక ఏటూరునాగారం వైపు వెళ్తే ఏజెన్సీ అంటే గిరిజన ప్రాంతం. కొత్తగా వచ్చిన ఒక ఉత్తరాది మేనేజరుకు “సార్, అది ఏజెన్సీ ఏరియా, బండి వారానికి ఒకసారే పోతుంది” అని మా కుర్రవాడు చెబితే, అక్కడ ఇంకో ఏజెన్సీ ఎవరు పెట్టారని ఆయన కంగారు పడ్డాడు. మేడారంలో బంగారం అంటే బెల్లం అని తెలియనివాడు జాతరలో అడుగు పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన పరిస్థితి.

కంపెనీ డిస్ట్రిబ్యూటరుకు వేసే బిల్లు ప్రైమరీ. డిస్ట్రిబ్యూటరు దుకాణానికి వేసే బిల్లు సెకండరీ. దుకాణం నుంచి ఇంటికి పోయేదాన్ని టెర్షియరీ అనో ఆఫ్‌టేక్ అనో అంటారు. బడి మాటల్లా ప్రైమరీ అంటే చిన్నది, సెకండరీ అంటే పెద్దది అనుకునేవు, ఇక్కడ అది వరుస మాత్రమే. ఈ మూడింటి మధ్య నడిచే నాటకం నెలాఖరున చూడాలి. టార్గెట్ నిండలేదని కంపెనీ మనిషి డిస్ట్రిబ్యూటరుతో అవసరానికి మించి సరుకు ఎత్తిస్తాడు. కాగితం మీద ప్రైమరీ కళకళలాడుతుంది, గోదాములో పెట్టెలు పైకప్పును తాకుతాయి, వచ్చే నెల మొదటి పదిహేను రోజులు కొత్త ఆర్డరు ఉండదు. దీనికి వాడుకలో మాట డంపింగ్. మర్యాదగా చెప్పాలంటే లోడింగ్. నీకు ఉద్యోగం వస్తే మొదటి ముప్ఫయ్యో తారీఖు నాడే ఈ మాట అర్థమవుతుంది.

గోదాము అన్నాను కాబట్టి చిన్న ముచ్చట. గోడౌన్ అనేది మన వైపు ఇంగ్లీషు. మన గిడ్డంగి లాంటి దక్షిణాది మాట సముద్రవ్యాపారంలో చేతులు మారి ఇంగ్లీషులో చేరి గోడౌన్‌గా మనకే తిరిగి వచ్చిందని చెబుతారు. విదేశీ కంపెనీ మనిషితో మాట్లాడేటప్పుడు వేర్‌హౌస్ అను, తడుముకోకుండా అర్థమవుతుంది. లక్షలు, కోట్లు కూడా అంతే, అక్కడ మిలియన్లలో చెప్పాలి, పది లక్షలు ఒక మిలియను.

ఇక బీటు. నువ్వు రోజూ తిరగవలసిన దుకాణాల వరుస. సోమవారం వరంగల్ చౌరస్తా, మంగళవారం కాజీపేట, బుధవారం వర్ధన్నపేట రోడ్డు, ఇలా వారానికి రాసిన పట్టికను బీట్ ప్లాన్ అంటారు. దుకాణం అవుట్‌లెట్. నువ్వు దుకాణం మెట్టు ఎక్కితే అది కాల్, ఫోనుకూ దీనికీ సంబంధం లేదు. బిల్లు పడితే అది ప్రొడక్టివ్ కాల్. 40 దుకాణాలు తిరిగి 26 బిల్లులు రాస్తే ప్రొడక్టివిటీ 65 శాతం. బిల్లులో ఒక్కో రకం సరుకు ఒక లైను. ఆ 26 బిల్లుల్లో కలిపి 104 లైన్లు ఉంటే బిల్లుకు సగటున నాలుగు లైన్లు. మేనేజరు సాయంత్రం ఫోను చేసి అడిగేవి ఈ రెండు అంకెలే. రూపాయల సంగతి తరవాత.

కస్టమరుకూ కన్స్యూమరుకూ తేడా చాలామంది పట్టించుకోరు. నీ కస్టమరు దుకాణదారు, సరుకు వాడే ఇంటి మనిషి కన్స్యూమరు. బిస్కెట్ తినే పిల్లవాడు కన్స్యూమరు, డబ్బులిచ్చే తల్లి షాపరు. గిరాకీ అనే మన మాట వీళ్లందరినీ మింగేస్తుంది, కొనేవాడూ గిరాకీయే, కొనాలన్న కోరిక కూడా గిరాకీయే. “ఈ రోజు గిరాకీ లేదు” అన్న దుకాణదారు మాటను ఇంగ్లీషులో పెట్టాలంటే, జనం రాలేదా, వచ్చినా కొనలేదా తెలుసుకోవాలి. మొదటిది ఫుట్‌ఫాల్ తగ్గడం, రెండోది డిమాండ్ తగ్గడం. మందు వేరు కాబట్టి మాట కూడా వేరు.

అన్నిటికంటే ఎక్కువ మంది బోల్తా పడేది మార్జిన్ దగ్గర. ఎమ్మార్పీ 100 ఉన్న టూత్‌పేస్టును దుకాణదారు 80కి కొన్నాడు. 20 మిగిలింది. అమ్మిన ధర మీద చూస్తే 20 శాతం, అది మార్జిన్. కొన్న ధర మీద చూస్తే 25 శాతం, అది మార్కప్. అదే ఇరవై రూపాయలు, రెండు పేర్లు, రెండు అంకెలు. కంపెనీ మనిషి “మీకు 25 శాతం ఇస్తున్నాం” అన్నప్పుడు దేని మీద అని అడగని దుకాణదారు కొత్తవాడని అర్థం. ఇప్పుడు దీని మీద పదికి ఒకటి ఉచితం అనే స్కీము పెట్టారనుకో. 800 రూపాయలకు పదకొండు వస్తాయి, ఒక్కోటి 72 రూపాయల 73 పైసలు పడుతుంది. పదికి ఒకటి అంటే పది శాతం తగ్గింపు అని నువ్వు ఉత్సాహంగా చెబుతావు. తగ్గింది 9.09 శాతమే, ఎందుకంటే చేతికి వచ్చినవి పదకొండు. పిన్నవారి వీధిలో ఒక ముసలి వ్యాపారి కాలిక్యులేటరు ముట్టకుండానే నాకు ఈ పాఠం చెప్పాడు. అగ్గిపెట్టె వెనక పెన్సిలుతో ఎనిమిది వందలు రాసి, కింద గీత గీసి పదకొండు వేసి, “బాబూ, పదితో కాదు, దీనితో భాగించు” అన్నాడు.

ఎమ్మార్పీ అనే మూడక్షరాలు మనకు గాలి లాంటివి కానీ అన్ని దేశాల్లోనూ ఉండవు. మన దగ్గర ప్యాకెట్టు మీద అన్ని పన్నులూ కలిపి గరిష్ఠ ధర వేయాలని చట్టం, అంతకు మించి అమ్మితే తప్పు. చాలా దేశాల్లో తయారీదారు వేసేది సిఫార్సు ధర, దుకాణదారు అంతకు ఎక్కువకైనా అమ్ముకోవచ్చు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో రికమెండెడ్ రిటైల్ ప్రైస్ అని కనిపిస్తే అది మన ఎమ్మార్పీయే అనుకోకు.

డిస్కౌంట్లలో ట్రేడ్ డిస్కౌంట్ బిల్లులోనే తగ్గించి ఇచ్చేది, క్యాష్ డిస్కౌంట్ ఫలానా రోజుల్లోపు డబ్బు కడితే ఇచ్చేది. క్రెడిట్ అన్న మాట ఇంతకంటే చిక్కు. క్రెడిట్ డేస్ అంటే ఉద్దెర గడువు, నువ్వు దుకాణదారుకు ఇస్తావు. క్రెడిట్ నోటు అంటే అతను బాకీ ఉన్నదాంట్లో నువ్వు తగ్గించినట్టు రాసిచ్చే కాగితం. గడువు తీరిన సరుకు వెనక్కి తీసుకున్నా, బిల్లులో ధర ఎక్కువ పడినా ఇస్తారు. మా దగ్గర ఒక కుర్రవాడు క్రెడిట్ నోటును ఉద్దెర చీటీ అనుకుని, వసూలు చేయడానికి దుకాణం మీదికి వెళ్లాడు. మనం ఇవ్వవలసిన డబ్బు మనమే అడిగాం అన్నమాట. దుకాణదారు పెద్దమనిషి, టీ తాగించి పంపాడు.

పాడైన సరుకు, స్కీము డబ్బు కంపెనీ నుంచి రాబట్టడం క్లెయిము. ముందు వచ్చింది ముందు అమ్మడం ఫిఫో, గడువు ముందు తీరేది ముందు అమ్మడం ఫెఫో. తినే వస్తువులకు రెండోదే కావాలి. వీటి గురించి ఇంతకంటే అక్కర్లేదు, పనిలో వారం రోజుల్లో వచ్చేస్తాయి.

ప్రకటనల మాటలకు వద్దాం. ఎంబీఏ చదివినవాళ్లు నాలుగు పీలు అంటారు, జెరోమ్ మెకార్తీ అనే అమెరికన్ ప్రొఫెసరు 1960లో పెట్టిన వర్గీకరణ. ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్. ఇందులో ప్లేస్‌ను స్థలం అని రాసి మార్కులు పోగొట్టుకున్నవాళ్లు బోలెడుమంది. అక్కడ ప్లేస్ అంటే పంపిణీ, సరుకు కొనేవాడి చేతికి అందేలా చేయడం. ప్రమోషన్ అంటే జీతం పెరగడం కాదని నీకు చెప్పక్కర్లేదు. డబ్బు కట్టి వేయించేది అడ్వర్టైజ్‌మెంట్, పేపరువాళ్లు వాళ్లంతట వాళ్లు రాస్తే పబ్లిసిటీ. మన వాడుకలో రెండూ పబ్లిసిటీయే. ఇంటర్వ్యూలో మాత్రం విడదీసి చెప్పు.

రీచ్, ఫ్రీక్వెన్సీ అన్న రెండు మాటలకు మైకు కట్టిన ఆటోను తలుచుకో. ఒక గంటలో ఐదు వీధులు ఒక్కోసారి తిరిగితే రీచ్ ఎక్కువ. అదే గంటలో ఒకే వీధిలో ఐదుసార్లు తిరిగితే ఫ్రీక్వెన్సీ ఎక్కువ. డబ్బు అంతే ఖర్చయింది. ఎవరికీ తెలియని కొత్త దుకాణం తెరిచినప్పుడు ఏది కావాలి, ఎప్పటినుంచో తెలిసిన దుకాణం పండగ ఆఫరు పెట్టినప్పుడు ఏది కావాలి అని నిన్నడిగితే ఏం చెబుతావో ఆలోచించుకుని వెళ్లు. నా ఓటు మొదటిదానికి ఫ్రీక్వెన్సీ. కొత్త పేరు ఒక్కసారి వింటే చెవిలో నిలవదు.

హోర్డింగ్ అంటే రోడ్డు పక్క పెద్ద బోర్డు, అమెరికా వాళ్లు బిల్‌బోర్డ్ అంటారు. అదే హోర్డింగ్‌కు అక్రమ నిల్వ అనే అర్థం కూడా ఉంది. ఉల్లిగడ్డల వ్యాపారి హోర్డింగ్ చేశాడని పేపర్లో చదివితే బోర్డు పెట్టాడనుకోకు. దుకాణంలో వేలాడదీసేది డ్యాంగ్లర్, అల్మారా అంచున ఊగేది వాబ్లర్, నిలబెట్టేది స్టాండీ. ఇవన్నీ పాయింట్ ఆఫ్ సేల్ సామగ్రి. అల్మారాలో నీ ప్యాకెట్లు ఎన్ని ముఖం చూపిస్తున్నాయో ఆ లెక్క ఫేసింగ్.

ప్రకటనల్లో “అప్‌టు” అనే చిన్న మాట చాలా పెద్ద పని చేస్తుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి మన జెండా పాటను మించిన ఉదాహరణ లేదు. జెండా పాట అంటే మార్కెట్లో సరుకుకు పాడే వేలం, ఏనుమాములలో అందులో పలికిన ధర పేపర్లో వస్తుంది. ఆ ధర చూసి మిర్చి బస్తాలు వేసుకొచ్చిన రైతులందరికీ ఆ ధర రాదు, అది మేలైన సరుకుకు దక్కిన గరిష్ఠం. తక్‌పట్టీలో, అంటే రైతు చేతికి ఇచ్చే లెక్క చీటీలో, పడేది వేరే అంకె. “అప్‌టు 50 శాతం తగ్గింపు” అన్నా ఇంతే, ఒకటి రెండు వస్తువుల మీద యాభై, మిగతావాటి మీద పదో పదిహేనో. పక్కన చిన్న నక్షత్రం ఉంటే షరతులు కింద ఎక్కడో ఉన్నాయని గుర్తు. ఆ మాట రాయడం తప్పు కాదు, దాచి మోసం చేస్తే తప్పు. తప్పుదారి పట్టించే ప్రకటనలకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఈ దాకా కూడా అప్‌టూయే.

ఫీచర్, బెనిఫిట్ తేడా నేర్చుకోవడానికి వరంగల్‌లో జంపఖానాలు నేసే కొత్తవాడకు వెళ్లి ఒక జంపఖానా ముందు కూర్చో. నూలుది, చేతి మగ్గం మీద నేసింది, ఇంత పొడుగు, ఇంత వెడల్పు. ఇవి ఫీచర్లు, వస్తువు గురించినవి. ఉతికి మళ్లీ పరుచుకోవచ్చు, మడిచి సంచిలో పెట్టుకోవచ్చు, పెళ్లిలో నలుగురు కూర్చోవచ్చు. ఇవి బెనిఫిట్లు, కొనేవాడి గురించినవి. కొత్త సేల్స్‌మన్ మొదటివి చెప్పి నోరు నొప్పి పుట్టించుకుంటాడు. చీప్ అనే మాట మాత్రం వాడకు, ధర తక్కువ అనుకుని నువ్వంటావు, నాసిరకం అని వాళ్లు వింటారు. ఎకనామికల్ అను, అఫర్డబుల్ అను. వరంగల్ జంపఖానాలకు 2018లో, చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. దాన్ని బ్రాండ్ అంటే పొరపాటు. బ్రాండ్ ఒక సంస్థ సొత్తు, జీఐ ఆ ప్రాంతంలో ఆ వస్తువు చేసేవాళ్లందరిదీ.

నేర్చుకునే పద్ధతి అడిగావు కదా. మీ ఊరి కిరాణా దుకాణదారును బతిమాలి పాత బిల్లులు ఒక పది అడిగి తెచ్చుకో, వేర్వేరు కంపెనీలవి. బిల్లు మీద ఉన్న ప్రతి ఇంగ్లీషు మాటకూ, ప్రతి అంకెకూ అర్థం చెప్పమని ఆయన్నే అడుగు. గ్రాస్, నెట్, టాక్సబుల్ వాల్యూ, స్కీము, రౌండ్ ఆఫ్, డ్యూ డేట్, అన్నీ ఆ జానెడు కాగితం మీదే ఉంటాయి. తరవాత ఆయన దగ్గరికి సరుకు వేసే సేల్స్‌మన్ వెంట ఒక రోజు తిరుగు, వద్దనడు, సంచి మోయడానికి ఒక మనిషి దొరికాడని సంతోషిస్తాడు. ఆ సాయంత్రం బస్సులో తిరిగి వస్తూ రోజంతా జరిగింది ఇంగ్లీషులో ఐదు వాక్యాలు చేసి ఫోనులో రికార్డు చేసుకో. ఎన్ని కాల్స్, ఎన్ని బిల్లులు, ఏది స్టాకు అయిపోయింది, పోటీ కంపెనీ ఏం స్కీము పెట్టింది, వసూలు ఎంత. తప్పులు వచ్చినా ఆగకు. మర్నాడు విని దిద్దుకో. మాటలకు జోడీలు గమనించు. ఆర్డరుకు ప్లేస్ తోడు, ఇన్వాయిసుకు రెయిజ్ తోడు, క్యాంపెయినుకు రన్ తోడు, కొత్త సరుకుకు లాంచ్ తోడు. రిసీట్‌లో పీ అక్షరం రాస్తారు గానీ పలకరు.

ఉచ్చారణ గురించి బెంగ వద్దు. మేనేజరు కూడా ఎక్కడో ఒక చిన్న ఊరి నుంచి వచ్చినవాడే అయి ఉంటాడు. చివర్లో ఏమైనా అడగాలా అన్నప్పుడు చాలామంది లేదు సార్ అని లేస్తారు. నువ్వు మూడు అడుగు. నాకు ఇచ్చే టార్గెట్ ప్రైమరీ మీదా సెకండరీ మీదా? నర్సంపేట, ఖానాపురం వైపు బీటు వారానికి ఎన్నిసార్లు? గడువు తీరిన సరుకు కంపెనీ ఖాతానా, డిస్ట్రిబ్యూటరు ఖాతానా? మూడోదానికి వాళ్లు నసుగుతూ జవాబిస్తే, చేరేముందు ఆ డిస్ట్రిబ్యూటరు గోదాము ఒకసారి చూసి రా.